మా పాత ఇంటి పూర్వపు యజమానులు

మన సంఘ సభ్యులలో చాలామందికి స్వగ్రామంలో ఒక పాత పెంకుటిల్లు ఉంటుంది. అందులో ఎవరూ కాపురం ఉండరు, అమ్మడానికి మనసూ ఒప్పదు. "తాతగారు కట్టించారు" అనే మాట తప్ప దాని చరిత్ర చెప్పేవారు తక్కువ. నరసాపురం దగ్గర మా ఇంటి సంగతీ అంతే. ఉద్యోగకాలమంతా పరుల దస్తావేజులు తిరగేసినవాడిని గనుక, ఇల్లు అమ్మకానికి వచ్చినప్పుడు ఆ పని నామీదే పడింది.

ఇళ్ల విషయంలో రెవెన్యూ రికార్డుల వల్ల ఉపయోగం తక్కువ. పొలానికి సర్వే నంబరు, పట్టా, అడంగలు ఉంటాయి. గ్రామకంఠంలో ఎవరి ఇల్లు ఏదో సాధారణంగా ఆ రికార్డుల్లో కనబడదు. పూర్వం కరణంగారిని అడిగితే చెప్పేవారు. 1984లో ఆ ఉద్యోగాలే పోయాయి. ఇక మిగిలింది రిజిస్ట్రేషను ఆఫీసు.

మన దేశంలో దస్తావేజుల రిజిస్ట్రేషనుకు మొదటి చట్టం 1864లో వచ్చింది. ఇప్పుడు అమలులో ఉన్నది 1908 నాటిది. స్థిరాస్తి దస్తావేజులు ఒకటవ పుస్తకంలో నకలు చేస్తారు. పేర్లను బట్టి ఒక ఇండెక్సు, ఆస్తిని బట్టి మరొకటి ఉంటాయి. రుసుము కట్టి ఆ పుస్తకాన్ని ఎవరైనా చూడవచ్చునన్న సంగతి చాలామందికి తెలియదు. 1998లో 'కార్డ్' పథకం వచ్చాక ఈ.సి. కంప్యూటరులో వస్తున్నది గాని, తాతల కాలం నాటి వాటికి చేతివ్రాత ఇండెక్సులే గతి. ఓపిక కావాలి. ఒకే ఇంటిపేరు వారు ఊరినిండా ఉంటే మరీను.

మా వైపు వారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. నరసాపురం తాలూకా 1904 వరకు గోదావరి జిల్లాలో, ఆ తరువాత కృష్ణా జిల్లాలో, 1925 నుంచి పశ్చిమ గోదావరి జిల్లాలో ఉన్నది. దస్తావేజు నెత్తిన ఉన్న జిల్లా పేరు చూస్తేనే అది ఏ కాలానిదో సుమారుగా తెలిసిపోతుంది.

మా ఇంటి దస్తావేజు మీద కృష్ణా జిల్లా అని ఉన్నది. చెక్కుబందీ దగ్గర "పెంకుటిల్లు, దొడ్డి, నూతిలో సగం హక్కు" అని స్పష్టంగా వ్రాశారు. అంటే తాతగారు కట్టించలేదు, కట్టిన ఇల్లే కొన్నారు. అమ్మినది ఒక వితంతువు. ఆ రోజుల్లో భర్త ఆస్తిని ఆమె బ్రతికినంతకాలం అనుభవించవచ్చు గాని, తగిన అవసరం లేనిదే అమ్మకూడదు. అందుకే భర్త చేసిన అప్పులు, కూతురి పెళ్లి ఖర్చు అన్నీ ఏకరువు పెట్టి, దాయాదుల చేత సాక్షి సంతకాలు చేయించారు. సబ్ రిజిస్ట్రారు ఇంటికే వచ్చి ఆమె వేలిముద్ర తీసుకున్నట్లు వెనుక వ్రాసి ఉన్నది. ఆమె భర్త పేరు పట్టుకుని వెనక్కు వెళితే, ఆమె మామగారు కొన్న దస్తావేజు దొరికింది. దానిమీద గోదావరి జిల్లా. అంతకు వెనుక ఏమీ లేదు. నూరు రూపాయలలోపు స్థిరాస్తి అమ్మకానికి రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. ఆనాటి పూరిల్లు అంత ధర పలికి ఉండదని నా ఊహ.

అసలు విశేషం కొన్నవారి పేరు. అది తాతగారిది కాదు, మా నాయనమ్మగారిది. సొమ్ము ఆమె పుట్టింటివారు పెట్టిన బంగారం అమ్మగా వచ్చినదని అందులోనే వ్రాసి ఉన్నది. అరవై ఏళ్లు "తాతగారి ఇల్లు" అని అందరం చెప్పుకున్నాం!

ఇది మురిపానికి చెప్పుకునే ముచ్చట కాదు. తాతగారు ముందే పోయారు. నాయనమ్మగారు 1956 హిందూ వారసత్వ చట్టం వచ్చిన తరువాత, వీలునామా లేకుండా కాలం చేశారు. ఆ చట్టం ప్రకారం ఆమె ఆస్తి కొడుకులకూ కూతుళ్లకూ సమానంగా చెందాలి. మా నాన్నగారు, ఇద్దరు బాబాయిలు మాత్రం నోటిమాటతో మూడు వాటాలు వేసుకున్నారు. ఇద్దరు మేనత్తల ప్రస్తావనే రాలేదు. వారూ అడగలేదు. అడిగితే పుట్టింటికి రాకపోకలు ఏమవుతాయో వారికి తెలుసు.

ఈ సంగతి బయటపెడితే మా తమ్ముడికి కోపం వచ్చింది. "అత్తయ్యలే పోయారు, ఇన్నేళ్ల తరువాత ఎందుకన్నయ్యా తవ్వడం?" అన్నాడు. కొనేవారి ప్లీడరుగారు మాత్రం లింకు డాక్యుమెంటు చూసి, వారసులందరి సంతకాలూ కావాలన్నారు. న్యాయం నేను చెబితే విననివారు ప్లీడరు చెబితే విన్నారు. మేనత్తల పిల్లలను వెతకడానికి ఏడాది పట్టింది. ఒకరు ఖరగ్‌పూర్‌లో స్థిరపడ్డారు. సొమ్ము అయిదు వాటాలయింది. అసలు దస్తావేజు కొన్నవారికి అప్పగించాలి గనుక, ముందే అయిదు జిరాక్సులు తీయించి అయిదు కుటుంబాలకూ పంపాను. నాయనమ్మగారి పేరున్న పేజీ మాత్రం కాస్త పెద్దది చేయించాను.