రాయచూరు సీమలో దండు విడుదులు

కృష్ణా తుంగభద్రల నడుమనున్న రాయచూరు అంతర్వేది కొఱకు రాజులు చేసిన యుద్ధములను గూర్చి చరిత్రకారులు విస్తారముగ వ్రాసిరి కాని, ఆ యుద్ధములు చేసిన భటులు ఎచట పండుకొనిరి, ఎవరు పండించిన ధాన్యము తినిరి, వారు తరలిపోయిన పిదప ఆ చోట ఎవరు నిలిచిరి అని విచారించినవారు తక్కువ. కోటకును పంటకును ప్రసిద్ధికెక్కిన ఈ సీమలో ఆ విచారమునకు మిక్కిలి యవకాశము కలదు.

రాయచూరు కోటలో 40 అడుగుల పొడవును మించిన ఏకశిల మీద 1294వ సంవత్సరపు శాసన మొకటి యున్నది. కాకతీయ సామంతుడైన గోన గన్నారెడ్డి సేనాని విఠలనాథుడు ఆదవాని, మానువ మొదలగు దుర్గములను సాధించి ఇచట ఈ కోట కట్టించినట్లు అందు చెప్పబడినది. అంతటి శిలను బండిపై లాగించి తెచ్చిన తీరును సయితము ఆనాటివారు రాతిపై రేఖలుగా చెక్కియుంచిరి. ఆ బండిని తోలిన వారి పేళ్లు మాత్రము వ్రాయరైరి.

కోట నిలిచియుండునది, దండు విడిది నడచునది. 1520లో శ్రీకృష్ణదేవరాయలు ఇస్మాయిల్ ఆదిల్‌షాపై దండెత్తి రాయచూరును ముట్టడించినపుడు వెలసిన శిబిరమును పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ వర్ణించినాడు. రాయల గుడారము చుట్టును ముండ్లకంచె, దానికి ఒక్కటే వాకిలి, శిబిరమంతయు వీథులుగా తీర్చబడి, సేనాని సేనానికిని వేఱు అంగడి, ఆ అంగళ్లలో మాంసమును ధాన్యమును మాత్రమే కాక, నగలు చేయు కంసాలులు, రత్నములమ్ము వర్తకులు, లెక్కకందని చాకలివారు, దారి పొడవున దప్పిగొన్నవారికి తోలుతిత్తులతో నీరు పోయువారు. కత్తి పట్టినవాడొకడు కదలినచో అతని వెంట పట్టణమే కదలవలసివచ్చెడిది. యుద్ధవర్ణనలలో ఏనుగులును గుఱ్ఱములును పొందిన స్థానము ఈ చాకలికిని, ఈ నీళ్లతిత్తివానికిని లభింపకపోవుట నాకు అన్యాయముగ తోచుచున్నది.

నడచు విడిది నాటుకొనిన విడిదియైన కథ ఈ సీమలోని లింగసుగూరుది. నిజాము వ్యయముతో ఆంగ్ల దొరల అధికారమున నడచిన హైదరాబాదు కంటింజెంటు సేనకు బొలారము, ఔరంగాబాదు, హింగోళివలెనే ఇదియు ఒక ఛావణి. ఆ సేన జీతముల క్రింద నిజాము బాకీపడెనని, 1853 మే నెలలో గవర్నరు జనరలు డల్‌హౌసీ ప్రభుత్వము బీరారు, నల్దుర్గములతో పాటు రాయచూరు అంతర్వేదిని కూడ తన పాలనలోనికి తీసికొనెను. అనగా మానువ, సింధనూరు రైతు చెల్లించిన శిస్తు సిపాయి జీతమునకు ఆధారమయ్యెను. కంపెనీ సేనలలో దొరలకు బంగళా లుండగా, నల్ల సిపాయి సర్కారిచ్చు కొద్దిపాటి సొమ్ముతో తన గుడిసెను తానే కట్టుకొనుట వాడుక. ఆ గుడిసెల వరుసలే ‘లైన్లు’. 1858 ఫిబ్రవరిలో సురపుర నాయకుడు వెంకటప్ప తిరుగబడినపుడు అతనిపైకి లింగసుగూరు నుండియే బలగము కదలెను. 1860లో అంతర్వేది మరల నిజామునకు చేరెను. 1903లో కంటింజెంటు బ్రిటిషు ఇండియా సేనలో లీనమయ్యెను. రెండేండ్లకే లింగసుగూరు జిల్లాయును రద్దయి, ఆ తాలూకా రాయచూరులో కలిసెను. దండు పోయినను ఊరు పోలేదు.

దండు పేరు సయితము ఊరికి అంటుకొనియుండును: సికిందరాబాదును మన జనులు నేటికిని లష్కరనియే పిలుతురు. బెంగుళూరువారికి తమ కంటోన్మెంటు ఇప్పటికిని దండే. నేటి విడిదియైన క్వార్టర్సు మాత్రము ఉద్యోగముతో వచ్చి ఉద్యోగముతో పోవు ఇల్లు. హట్టి బంగారు గనులలోను, శక్తినగరపు విద్యుత్కేంద్రమునందును కాపురమున్న కుటుంబములకు దాని సుఖమును, ఖాళీచేయవలసిన దినపు దిగులును రెండును తెలియును. సిపాయి గుడిసెకును ఈ యింటికిని పోలిక ఇచటనే యున్నది.

1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తియైన పిమ్మట, ఎడమకాలువ నీరు పాఱిన నల్లరేగడి భూములను కొని, కృష్ణా గోదావరీ మండలముల రైతులు సింధనూరు ప్రాంతమునకు తరలివచ్చి, పొలముల నడుమ పాకలు వేసికొనిరి. ఆ పల్లెలకు క్యాంపులని పేరు. వడ్లమిల్లులు, బడులు, రామాలయములు వెలసినవి. పిల్లలు వీథిలో కన్నడమును ఇంట తెలుగును పలుకుచు పెరిగిరి. కాపురములు స్థిరపడి మూడు తరములైనను, ఉత్తరము మీది చిరునామాలో ఊరిపేరు వెంట క్యాంపు అను మాట వ్రాయుట వారు మానలేదు.