72 గూళ్ల బీరువా

మా ఇంటి మేడ మీద గోడకు ఆనించి ఒక చెక్క బీరువా ఉంది. నిలువునా 12 వరసలు, వరసకు 6 గూళ్లు. రైల్వే మెయిల్ సర్వీసులో సార్టర్‌గా ముప్పై ఏళ్లు పనిచేశాను. రాత్రుళ్లు ఊగే బండిలో ఇలాంటి గూళ్ల ముందు నిలబడే ఉత్తరాలు ఊరువారీగా వేరుచేసేవాళ్లం. రిటైరయ్యాక హన్మకొండలోనే ఒక వడ్రంగికి కొలతలిచ్చి దీన్ని చేయించుకున్నాను. ఇందులో ఉత్తరాలుండవు, ఒక్కో గూడు ఒక్కో మేళకర్త (మూల) రాగానిది. శనివారం పొద్దువాలే వేళకు నలుగురం చేరతాం: లెక్కల సార్, మృదంగం తమ్ముడు, వీణ అక్క, నేను. ఒకరు పొడుపు చీటీ వేస్తారు, విప్పినవాళ్లు దాన్ని సరైన గూట్లో పెట్టాలి.

మొన్నటి శనివారం లెక్కల సార్ వేసిన చీటీ ఇది: "మన్మథుడి అంబులపొదిలో ఐదోది. అతణ్ని కాల్చినవాడి మెడలో నగ."

"గిదేం పెద్ద లెక్క సార్, శంకరాభరణం!" అన్నాడు మృదంగం తమ్ముడు.

"పేరు సరే, గూడెట్ల తెలిసింది? అది చెప్పు."

చెప్పడానికి రెండు దారులున్నాయి. 72 మేళకర్తలను ఆరేసి చొప్పున 12 చక్రాలుగా కట్టారు. చక్రాల పేర్లు ఇందు, నేత్ర, అగ్ని, వేద, బాణ, ఋతు, ఋషి, వసు, బ్రహ్మ, దిశి, రుద్ర, ఆదిత్య. చంద్రుడు ఒక్కడు, కళ్లు రెండు, అగ్నులు మూడు, అలా ఆదిత్యులు పన్నెండు. పాత శాసన కవులు శకసంవత్సరాన్ని కూడా ఇదే తీరున కళ్లతో, వేదాలతో, బాణాలతో చెప్పేవారు. బాణ చక్రం అయిదోది. దానికి ముందు నాలుగు చక్రాలు, అంటే 24 గడపలు దాటితే ఆ వీధిలో ఐదో ఇల్లు 29.

రెండో దారి పేరులోనే ఉంది. మేళకర్తగా దాని పూర్తి పేరు ధీరశంకరాభరణం. కటపయాది లెక్కలో క నుంచి, ట నుంచి, ప నుంచి, య నుంచి మళ్లీ మళ్లీ ఒకటితో మొదలుపెట్టి ఎంచుతారు. ఞ, న సున్నలు. ధ 9, ర 2. కుడి నుంచి ఎడమకు చదివితే 29. రెండు దారులూ ఒకే గడపకు చేరితేనే చీటీ గూట్లో పడుతుంది.

ఈ లెక్క మొదటిసారి అర్థమైనప్పుడు నాకు 1972 గుర్తొచ్చింది. ఆ ఏడు ఆగస్టు 15న దేశమంతటా పిన్‌కోడ్ వచ్చింది. హన్మకొండ 506001, వరంగల్లు 506002. ఊరి పేరు మారలేదు, దానికి అంకె తోడైంది, అంతే. రాగాల విషయంలోనూ జరిగింది ఇదే. శంకరాభరణం, కల్యాణి, తోడి, కాంభోజి, మాళవగౌళ ఎప్పటినుంచో ఉన్న ఊళ్లు. అంకె కుదరడం కోసం వాటి ముందు ధీర, మేచ, హనుమ, హరి, మాయా అని తగిలించారు. ఈ పేర్ల వరసను మనకిచ్చింది గోవిందాచార్యుల 'సంగ్రహచూడామణి'.

గూళ్ల లెక్క అంతకన్నా ముందటిది. తంజావూరును తెలుగు నాయకరాజులు ఏలుతున్న 17వ శతాబ్దంలో వేంకటమఖి 'చతుర్దండిప్రకాశిక' రాశాడు. స్వరాలను ఎన్ని విధాల పేర్చవచ్చో లెక్కగట్టి 72 అని తేల్చాడు. అప్పటికి వాడుకలో ఉన్నవిగా ఆయన వివరించిన మేళాలు మాత్రం 19. నా వృత్తిలో ఇలాంటిది ఎన్నడూ చూడలేదు. 72 గూళ్ల బీరువా చేయించి, 19 గూళ్లలో ఉత్తరాలు వేసి, మిగతా 53 రాబోయే ఊళ్ల కోసం ఖాళీగా ఉంచడమంటే ఎంత నమ్మకం కావాలి! ఆ తర్వాత కొన్ని తరాలవాళ్లు వాటిని ఒక్కొక్కటిగా నింపుతూ వచ్చారు. మన శంకరగుప్తంలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ అయితే 72 మేళకర్తల్లోనూ కృతులు కట్టి 1952లో 'జనకరాగ కృతిమంజరి'గా తెచ్చారు. అప్పటికి ఆయన వయసు ఇరవై రెండు. ఆయన పేరెత్తితే మా మేడ మీద మాటలు కాసేపు ఆగిపోతాయి.

చీటీల్లో కష్టమైనవి నియమానికి లొంగనివి. ఒకసారి నేను 20వ మేళకర్త చీటీని పదో గూట్లో పెట్టాను. కాగితం మీద 'నటభైరవి' అని ఉంది. న సున్న, ట ఒకటి, తిరగేస్తే 10. నా లెక్క నాకు సరిగానే కనబడింది. వీణ అక్క చీటీ తీసి, పెన్సిల్‌తో ట కొట్టేసి ఠ రాసింది. ఆ పేరు నఠభైరవి. ఠ అంటే 2, కాబట్టి 20. నేను చీటీ పెట్టిన పదో ఇల్లు నాటకప్రియది. ఒక్క అక్షరం ఒత్తు పోతే నేత్ర చక్రంలోని మనిషికి వేద చక్రంలోని ఉత్తరం అందుతుంది. అక్క ఇంకొకటి కూడా చూపించింది. మన లిపిలో ఠ కడుపులోని చుక్క చెరిగిపోతే మిగిలేది ర. దాని విలువా రెండే. తాటాకుల మీద చుక్కలు ఎన్ని చెరిగాయో, ఈ ఒక్క పేరు మాత్రం చుక్క చెరిగినా దారి తప్పదు.

చక్రవాకానిది ఇంకో చిక్కు. జంటాక్షరంలో చివరి హల్లును ఎంచాలన్నది నియమం. 'క్ర'లో ర తీసుకుంటే 26 వస్తుంది, కానీ ఆ ఇంట్లో చారుకేశి ఉంది. అందుకని ఇక్కడ క తీసుకుని 16 అన్నారు. సింహేంద్రమధ్యమంలో నోట పలికే మకారాన్ని ఎంచితేనే 57 కుదురుతుంది. ఇవి తప్పులని లెక్కల సార్ వాదిస్తారు. నేను ఒప్పుకోను. ఊరికి అలవాటైన పేరును కాపాడుకుంటూ అంకె కుదుర్చుకోవడంలో ఇలాంటి సర్దుబాట్లు తప్పవు.

వీణ అక్క చీటీల్లో అంకెలుండవు, దీక్షితార్ ఉంటాడు. "జలలింగం ముందు నదులను పిలిచాడు. వాటిలో ఒకటి నీరు కాదు" అని వేసింది ఒకసారి. మేం ముగ్గురం వారం రోజులు తలపట్టుకున్నాం. అది తిరువానైక్కావల్ జంబుకేశ్వరుడి మీద ముత్తుస్వామి దీక్షితార్ కట్టిన 'జంబూపతే' కృతి. నీటి లింగం గనక గంగ, కావేరి, యమున పేర్లు వరసగా వస్తాయి. రాగం యమునాకల్యాణి. రాగం పేరును నదుల నడుమ ఎవరికీ అనుమానం రాకుండా దాచాడు. ఇలాంటి రాగముద్రలు ఆయన కృతుల్లో ఎన్నో. వాటిని స్వరాలతో సహా నిలబెట్టిన సుబ్బరామ దీక్షితులు ఎట్టయపురంలో ఉండి 1904లో 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'ని తెలుగు లిపిలోనే అచ్చువేయించారు. అక్క దగ్గరున్న ప్రతి అట్టలూడి, గుడ్డలో కట్టి ఉంటుంది. చేతులు కడుక్కుంటే గాని ముట్టనివ్వదు.

 

మన ఓరుగల్లు వేసిన పొడుపు ఒకటుంది. కాకతీయ గణపతిదేవుడి గజసాహిణి (ఏనుగుల దళ నాయకుడు) జాయపసేనాని 1253-54లో 'నృత్తరత్నావళి' రాశాడు. ఎనిమిది అధ్యాయాల్లో నాలుగు మార్గానికి (శాస్త్ర రీతికి), నాలుగు దేశికి (ప్రాంతీయ రీతికి) ఇచ్చాడు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ దాన్ని తెలుగు చేశారు. నటరాజ రామకృష్ణ ఆ గ్రంథాన్ని, రామప్ప గుడి రాతి బొమ్మలను పక్కపక్కన పెట్టుకుని చదివి పేరిణి నృత్యాన్ని మళ్లీ నిలబెట్టారు. అడుగులు రాతిలో ఉన్నాయి గనుక దొరికాయి. కానీ జాయప 'గీతరత్నావళి' కూడా రాశాడంటారు. దాని పేరు మిగిలింది, పుస్తకం లేదు. కాకతీయుల కాలంలో ఓరుగల్లు కోటగోడల లోపల ఏ రాగం ఎలా పలికిందో అందులో ఉండి ఉంటుంది. పాట రాతిలో నిలవదు. వేయిస్తంభాల గుడి ముందు నుంచి పోయినప్పుడల్లా నాకు ఇదే బాధ.

పోయిన నెల నేనొక చీటీ వేశాను. "రాగిరేకు మీద పేరుంది, గొంతులో లేదు. కొండమలహరి గూడెక్కడ?" 1922లో తిరుమలలో వెలుగుచూసిన అన్నమయ్య రాగిరేకుల్లో పాటల మీద రాగం పేరు చెక్కి ఉంది, స్వరం లేదు. ఆ పేర్లలో ఇదొకటి. లెక్కల సార్ నిమిషంలో విప్పారు. కొ 1, డ 3, తిరగేస్తే 31. లేచి యాగప్రియ గూట్లో పెట్టేశారు.

"కాదు సార్," అంది వీణ అక్క. "అన్నమయ్య పోయింది 1503లో. రాగాల పేర్లకు ఈ లెక్క కట్టింది తర్వాతి వాళ్లు. ఈ తాళం పాతది, మీ చెవి కొత్తది."

సార్ కాసేపు గూటి వైపే చూశారు. తర్వాత ఆయనే చీటీ వెనక్కి తీశారు.

బీరువా అడుగున నంబరు లేని సొరుగు ఒకటుంది. చిరునామా చాలని ఉత్తరాలకు విడిగా చోటు ఉంచడం మా డ్యూటీలో అలవాటు. వడ్రంగి ఎందుకని అడిగినా పట్టుబట్టి పెట్టించాను. అందులో గీతరత్నావళి చీటీ ఒకటి అంతకుముందే ఉంది, కొండమలహరి దాని పక్కన చేరింది.

నిన్న సొరుగు తీస్తే చీటీ వెనక పెన్సిల్ రాత కనబడింది. పిళ్లారి గీతాలప్పుడు ప్రతి పిల్లా నేర్చుకునే మలహరి ఆరోహణ, అవరోహణ. అక్కకు ఫోన్ చేశాను.

"సగం అడ్రసు దొరికిందనుకుంటున్న తమ్మీ," అంది. "ఇగ కొండ ఏందో చూడాలె."