పెట్రోలు అందని ఇంజను

ఇంటికి తాళము వేసి, సామాను సర్ది, పిల్లలను వెనుక సీటులో కూర్చుండబెట్టి తాళపుచెవి త్రిప్పగా ఇంజను గిరగిర తిరుగునే గాని అందుకొనదు. మోటారు కారు ఎంత పాతదో ఈ కష్టమును అంత పాతది. ఇంజను పలుకుటకు గాలి, నిప్పురవ్వ, పెట్రోలు అను మూడును కావలెను. గాలికి లోటు అరుదు. కావున తెలిసిన మెకానిక్కు మొట్టమొదట తేల్చుకొనునది, లేనిది రవ్వయా, పెట్రోలా అని. రవ్వ కథ వేరు. ట్యాంకు నుండి ఇంజను వరకు పెట్రోలు నడచు దారి పలుమారులు మారినది. దారి మారినప్పుడెల్ల లోపము తన నివాసమును మార్చుకొన్నది. దానిని వెదకు పద్ధతియు మారవలసి వచ్చినది. ఆ చరిత్రను మనమిప్పుడు పరిశీలింతము.

1888 ఆగస్టు నెలలో జర్మనీలోని మాన్‌హైమ్ నగరము నుండి బెర్తా బెంజ్ అను గృహిణి, భర్తయైన కార్ల్ బెంజ్‌కు ముందుగ చెప్పకయే, ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని, ఆయన నిర్మించిన మూడు చక్రముల బండిలో ఫోర్ట్స్‌హైమ్‌లోని పుట్టినింటికి బయలుదేరెను. దూరము నూరు కిలోమీటర్లకు పైమాట. పెట్రోలు బంకులు లేని కాలమది. వీస్లాఖ్ పట్టణములోని మందుల దుకాణమున, బట్టల మరకలు పోగొట్టుటకు అమ్ము లిగ్రాయిన్ అను ద్రవమును కొని బండిలో పోయించెను. ఇంధనపు గొట్టము మూసికొనిపోగా తన టోపీ సూదితో దానిని శుభ్రపరచెను. ఆమె సాహసమును లోకము పొగడినది, న్యాయమే. మనకు మాత్రము ఆమె రోగనిర్ణయము అంతకంటె గొప్పదిగ తోచును. చేత పనిముట్లు లేవు, అడుగుటకు మెకానిక్కు లేడు. అడ్డు ఎచ్చటనున్నదో తానే కనుగొనెను. ఆనాటి దారి పొట్టిది, కంటికి కనబడునది, సూదికి అందునది.

నీరు పల్లమెరుగునన్న మాట పెట్రోలునకును చెల్లును. 1908 నుండి 1927 వరకు కోటిన్నరకు పైగ తయారైన ఫోర్డు టి మోడలు కారులో పంపు లేదు. చాల కాలము ట్యాంకు ముందు సీటు క్రిందనే యుండెడిది; అచ్చటి నుండి పెట్రోలు తనంత తానుగ కార్బురేటరునకు జారెడిది. ట్యాంకులో పెట్రోలు తక్కువయై, ఎదుట నిటారైన కొండదారి వచ్చినచో ఇంజను ట్యాంకు కంటె ఎత్తునకు పోయి, పెట్రోలందక ఆగెడిది. అప్పుడు అనుభవజ్ఞులు బండిని వెనుకకు త్రిప్పి, రివర్సు గేరులో కొండ ఎక్కిరి! చెడినది ఏదియు లేదు. దారి వాలు తెలిసినవానికే కిటుకు తెలిసినది.

ట్యాంకును వెనుకకు జరుపగనే పెట్రోలును పైకెత్తు ఉపాయము కావలసెను. ఇంజను గాలి పీల్చు బలముతోనే పెట్రోలును లాగు చిన్న తొట్టి కొంతకాలము వాడుకలో నుండెను. దీర్ఘమైన ఎత్తు ఎక్కునప్పుడు ఆ బలము సన్నగిల్లి తొట్టి వట్టిపోయెడిది. తరువాత వచ్చినవి పలుచని పొర ఆడుటచే పనిచేయు పంపులు. వానిలో బ్రిటిషు కార్లలో విరివిగ వాడిన ఎస్.యు. విద్యుత్ పంపు ముచ్చటయైనది. తాళము త్రిప్పగనే కొన్నిసారులు టిక్కుమని ఆగినచో కార్బురేటరు నిండినదన్నమాట. ఆగక వడివడిగ కొట్టుకొన్నచో ట్యాంకు వట్టిదో, గొట్టము గాలి పీల్చుచున్నదో. బొత్తిగ పలుకనిచో లోపలి విద్యుత్ స్పర్శలు చెడినవని అనుమానింపవలెను; రెంచితో మెల్లగ ఒక్క దెబ్బ కొట్టుటయే తాత్కాలిక చికిత్స. చెవితో నాడి చూచుటకు ఇంత అనువైన యంత్రభాగము మరియొకటి మనకు తోచదు.

ఇంజను ప్రక్కననే బిగించిన యాంత్రిక పంపునకు మన వేసవి పగయైనది. బొంబాయి కుర్లాలో తయారైన ఫియట్ 1100లో, దాని తరువాతి పేరైన పద్మినిలో, ఇట్టి పంపే యుండెను. పెట్రోలు పలు ద్రవముల మిశ్రమము. అందలి తేలిక భాగములు సుమారు 35, 40 డిగ్రీల నుండియే మరుగ మొదలిడును. పంపు లాగుచున్న గొట్టములో ఒత్తిడి తగ్గుటచే ఇంకను ముందే మరుగును. బెజవాడ, రెంటచింతల ప్రాంతములలో మే నెల ఎండ 45 డిగ్రీలను తాకునప్పుడు చెప్పవలసినదేమి? నడచునంతసేపు ఫ్యాను గాలి కొంత కాపాడును. టీ త్రాగుటకు ఆపిన కాలు గంటలో ఇంజను వేడి పంపునకు ఎక్కి, గొట్టములో ఆవిరి నిండును. పొర ఆడినను ద్రవము కదలదు. మెకానిక్కులు దీనిని వేపర్ లాక్ అందురు. పంపుపై తడిగుడ్డ కప్పి కొంతసేపు వేచియుండుటే డ్రైవర్ల చికిత్స. తెలియనివారు పంపును విప్పి పాడుచేసిరి, లేదా బ్యాటరీ చచ్చువరకు స్టార్టరు త్రిప్పిరి. ఎండలో పిల్లలతో చిక్కిన కుటుంబమునకు ఇది చిన్న ఆపద కాదు. ఈ జబ్బులోని గమ్మత్తేమనగా, మెకానిక్కు వచ్చులోపల చల్లబడి దానంతటదే నయమగును.

కార్బురేటరు కాలపు పరీక్ష సులభము. ఇంజను చల్లారిన పిమ్మట కార్బురేటరు వద్ద గొట్టమును వదులుచేసి, దాని కొనను సీసాలో పెట్టి, స్టార్టరు త్రిప్పి చూచెడివారు. పెట్రోలు చిమ్మినచో లోపము ముందున్నది. లేనిచో పంపు, వడపోత, ట్యాంకు అని వెనుకకు నడువవలెను. ట్యాంకు మూతను మరువరాదు. గాలి లోనికి పోవు సన్నని రంధ్రము దుమ్ముతో పూడినచో, పెట్రోలు తగ్గినకొలది ట్యాంకులో శూన్యమేర్పడి ప్రవాహము ఆగును. మూత విప్పగనే బుస్సుమను ధ్వని వచ్చినచో దొంగ దొరికినట్లే.

1967లో బాష్ సంస్థ ఎలక్ట్రానిక్ ఇంజెక్షనును ఫోక్స్‌వాగన్ 1600 కారులో ప్రవేశపెట్టినది. మన దేశమున 2000 సంవత్సర ప్రాంతమున పొగ నిబంధనలు బిగియుటతో పెట్రోలు కార్లలో కార్బురేటరు క్రమముగ తొలగెను. విద్యుత్ పంపు ట్యాంకులోననే మునిగియుండును. పెట్రోలు వాతావరణపు ఒత్తిడికి మూడు, నాలుగు రెట్లతో గొట్టములో నిలిచియుండును. ఆవిరి పీడ చాలవరకు పోయెను. కాని గొట్టమును వదులుచేసి చూచు పాత అలవాటు ఇచ్చట ప్రమాదకరము. వేడి ఇంజనుపై పెట్రోలు ఎగజిమ్మి నిప్పంటుకొనవచ్చును. ఒత్తిడిని కొలుచు గేజియే శరణ్యము. గృహస్థునకు మిగిలినది మరల చెవియే. తాళమును స్టార్టరు వరకు పోనీయక దాని ముందరి మెట్టుపై నిలిపినచో, చాల కార్లలో వెనుక సీటు క్రింద రెండు క్షణములపాటు సన్నని గుంయి ధ్వని వినవచ్చును. అది లేనిచో ఫ్యూజును, రిలేను చూడవలెను. కొన్ని కార్లలో గుద్దుకొన్నప్పుడు పంపును ఆపివేయు మీట యొకటి కలదు; అది పెద్ద గోతిలో పడిన కుదుపునకును దూకవచ్చును. పెట్రోలు ఎచ్చటను కారుటలేదని చూచుకొని, దానిని వ్రేలితో తిరిగి నొక్కిన చాలును.