ప్రభుత్వాల పాఠం తెలుగులోకి వచ్చిన తీరు

మనం ఉద్యోగకాలమంతా ప్రభుత్వ ఉత్తర్వుల మధ్యనే గడిపాము. అయితే ప్రభుత్వం ఒక్కొక్క దేశంలో ఒక్కొక్క రకంగా ఎందుకుంటుందో వివరించే పాఠ్యపుస్తకం మన భాషలోకి ఎలా వచ్చిందన్నది మనలో చాలామంది పట్టించుకోని సంగతి. ఈ ప్రత్యేక సంచికలో ఆ చరిత్రను క్లుప్తంగా మనవి చేస్తాను.

ఈ శాస్త్రం పాతదే. గ్రీకు దేశపు అరిస్టాటిల్ 158 నగర రాజ్యాల పాలనా పద్ధతులను సేకరింపజేసి, ఒకదానితో ఒకటి పోల్చి చూశాడని ప్రతీతి. నేటి డిగ్రీ విద్యార్థి చదివే తులనాత్మక ప్రభుత్వాల పుస్తకం చేసేదీ ఆ పనే. బ్రిటన్‌కు ఒకే గ్రంథంగా రాసిన రాజ్యాంగం లేదు. అమెరికా 1787లో రాసుకున్నది. స్విట్జర్లాండులో ఏడుగురు సభ్యుల మండలి పాలన నడుపుతుంది. మన రాజ్యాంగ సభ సలహాదారు బి.ఎన్.రావు గారు కూడా 1947లో అమెరికా, కెనడా, ఐర్లాండు, బ్రిటన్‌లకు వెళ్ళి అక్కడి పెద్దలతో చర్చించి వచ్చారు.

ఇక మన ప్రాంతం సంగతి. నిజాం కాలంలో 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. అందుకోసం అనువాద శాఖను ఏర్పరచి, ఇంగ్లీషు శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చారు. ఒక భారతీయ భాషలో ఉన్నత విద్య సాధ్యమేనని నిరూపించిన గొప్ప ప్రయత్నమది. కాని కరీంనగర్ జిల్లా పల్లెల్లో ఇంటి భాష తెలుగు. 1948 తర్వాత ఉర్దూ స్థానంలోకి ఇంగ్లీషు వచ్చింది. రెండు దఫాలూ పాలన గురించిన చదువు సామాన్యుడి గడప దాటి లోపలికి రాలేదు.

1966లో ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం వచ్చింది. ఫైలు తెలుగులో నడవాలంటే చదువూ తెలుగులో ఉండాలి కదా! 1968లో తెలుగు అకాడమీ స్థాపించబడింది. దాని తొలి అధ్యక్షులు మన పొరుగున ఉన్న మంథని శాసనసభ్యులు, ఆనాటి విద్యామంత్రి పి.వి. నరసింహారావు గారు. విశ్వవిద్యాలయ స్థాయి పుస్తకాలను ప్రాంతీయ భాషల్లో తయారు చేయడానికి కేంద్రం రాష్ట్రానికి కోటి రూపాయల చొప్పున ఇచ్చే పథకం కూడా అప్పుడే వచ్చింది. సమాఖ్య, ఏకకేంద్ర ప్రభుత్వం, కార్యనిర్వాహక శాఖ, అధికార పృథక్కరణ వంటి మాటలు తరగతి గదిలోకి వచ్చాయి. సంస్కృతం పాలు ఎక్కువై విద్యార్థికి మింగుడుపడడం లేదన్న విమర్శ లేకపోలేదు. అయినా వాడగా వాడగా ఆ మాటలే పత్రికల్లోకి, సభల్లోకి వచ్చాయి.

తరువాతి మెట్టు 1982లో ఏర్పడిన సార్వత్రిక విశ్వవిద్యాలయం. దేశంలో అటువంటిది అదే మొదటిది. 1991 నుండి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో నడుస్తున్నది. తొలి ఉపకులపతి ఆచార్య జి. రాంరెడ్డి గారు మన కరీంనగర్ జిల్లా వారే, పైగా రాజనీతి శాస్త్ర పండితులు. కళాశాల గడప తొక్కనివారు కూడా అర్హత పరీక్ష రాసి, కొలువు మానకుండానే, ఇంట్లో తెలుగు పుస్తకాలతో డిగ్రీ చదువుకునే దారి తెరుచుకుంది. షిఫ్టుల ప్రకారం జీవితం నడిచే గోదావరిఖని వంటి ఊరికి ఇది ఎంత మేలో చెప్పనక్కరలేదు.

ఈ చదువు పరీక్షకు మాత్రమే పనికి వచ్చేది కాదు. సింగరేణిలో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్నది. యాజమాన్యంలో రాష్ట్రానిది పైచేయి అయినా, గని కార్మికుల భద్రత మాత్రం రాజ్యాంగంలోని కేంద్ర జాబితాలో ఉన్నది. ఎవరిని ఏమి అడగాలో తెలియాలంటే సమాఖ్య అంటే ఏమిటో తెలియాలి. 1987లో ఉమ్మడి రాష్ట్రంలో పురపాలక అధ్యక్షులను ప్రజలే నేరుగా ఎన్నుకున్నారు. 2020లో రామగుండం మేయరును కార్పొరేటర్లు ఎన్నుకున్నారు. అమెరికా పద్ధతికీ, బ్రిటన్ పద్ధతికీ ఉన్న తేడా ఇంచుమించు ఇదే. 1998లో సింగరేణిలో గుర్తింపు సంఘానికి రహస్య బ్యాలెట్‌తో తొలి ఎన్నిక జరిగినప్పుడు కార్మికుడు వేసిన ఓటులోనూ ఈ పాఠమే ఉన్నది.

ఇప్పుడు మన మనుమలు, మనుమరాండ్రు ఎక్కువగా ఇంగ్లీషు మాధ్యమంలో చదువుతున్నారు. అందులో తప్పేమీ లేదు. కాని తాతకు ఓటు సంగతి తెలుగులో వివరించలేని చదువు సగం చదువే. తెలుగులో పోటీ పరీక్షలు రాసే పేద పిల్లలకు నేటికీ ఈ పుస్తకాలే ఆధారం. కనుక మిత్రులకు ఒక విన్నపం. ఇంట్లో అటక మీద ఉన్న ఇటువంటి పుస్తకాలను తూకానికి వేయకండి. దగ్గరి గ్రంథాలయానికో, చదువుకునే పిల్లలకో ఇవ్వండి. ఇచ్చేముందు ముద్రణ సంవత్సరం చూసి చెప్పండి. 1991కి ముందు అచ్చయిన పుస్తకంలో సోవియట్ యూనియన్ ఇంకా బతికే ఉంటుంది!