నిఘంటువు తేల్చినదెంత? 1996 రొయ్యల చెరువుల తీర్పుపై ఒక పరిశీలన

నెల్లూరు తీరంలో రొయ్యల చెరువు తవ్వుకోవచ్చా లేదా అన్నది ఒకప్పుడు రెండు మాటల అర్థం మీద ఆధారపడింది. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1991 ఫిబ్రవరి 19న వెలువడిన కోస్టల్ రెగ్యులేషన్ జోన్ (సీఆర్‌జెడ్) నోటిఫికేషన్, సముద్రపు పోటు గీత నుంచి లోపలికి 500 మీటర్ల దాకా కొత్త పరిశ్రమలు రాకూడదంది. ‘వాటర్ ఫ్రంట్’తో నేరుగా సంబంధం ఉన్నవాటిని, ‘ఫోర్‌షోర్’ సౌకర్యాలు నేరుగా అవసరమయ్యేవాటిని మాత్రం మినహాయించింది. రొయ్యల సాగు ఈ మినహాయింపులోకి వస్తుందా?

ఆ సంవత్సరాల్లోనే నెల్లూరు తీరం టైగర్ రొయ్య వెంట పడింది. కృష్ణపట్నం దగ్గర సముద్రంలో కలిసే కండలేరు క్రీక్ ఒడ్డున చెరువులు ఒకదాన్ని ఆనుకుని ఒకటి లేచాయి. ఒక చెరువు వదిలిన నీళ్లే పక్క చెరువు మోటారు తోడుకునేది. 1994 చివర్లో తెల్లమచ్చల తెగులు కమ్ముకున్నప్పుడు ఈ ఇరుకుదనమే పెద్ద దెబ్బ తీసిందని చెప్పడానికి కారణాలున్నాయి. అదే ఏడాది తమిళనాడు గ్రామ స్వరాజ్య ఉద్యమానికి చెందిన ఎస్. జగన్నాథన్ ఈ చెరువులకు వ్యతిరేకంగా సుప్రీంకోర్టులో పిటిషన్ వేశారు. కోర్టు నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) చేత తీరాన్ని పరిశీలింపజేసింది. 1996 డిసెంబరు 11న జస్టిస్ కుల్దీప్ సింగ్, జస్టిస్ ఎస్. సఘీర్ అహ్మద్‌ల ధర్మాసనం తీర్పు ఇచ్చింది.

మొదట ‘ఫోర్‌షోర్’. ఇక్కడ కోర్టు నిఘంటువు తెరిచింది. ఆటు సమయంలో బయటపడే ఒడ్డు భాగమే ఫోర్‌షోర్ అని అందులో ఉంది. పోటు వచ్చినప్పుడు అది పూర్తిగా మునిగిపోతుంది కాబట్టి అక్కడ చెరువు కట్టడం సాధ్యం కాదు. సాధ్యం కానప్పుడు ఆ సౌకర్యం అవసరమనడం కుదరదు. ఈ మెట్టు దాకా తర్కం గట్టిదే. ఏ పాఠకుడైనా మాటలను పట్టుకుని అక్కడికి చేరగలడు.

‘వాటర్ ఫ్రంట్’ దగ్గర అంత సులువుగా తేలలేదు. చెరువుకు సముద్రంతో కొంత సంబంధం ఉందని కోర్టే ఒప్పుకుంది. అయితే రైతుకు కావలసింది ఉప్పునీరే తప్ప నీటి అంచు కాదని, ఆ నీటిని పైపుల ద్వారా ఎంత దూరమైనా తీసుకుపోవచ్చని చెప్పి మినహాయింపు వర్తించదంది. కండలేరు ఒడ్డున నిలబడి చూస్తే ఈ వాదన కొంత బిగుతుగా అనిపిస్తుంది. పైపు వేయవచ్చు, నిజమే. కానీ దూరం పెరిగేకొద్దీ కరెంటు, డీజిలు ఖర్చు పెరుగుతుంది. రోజూ నీరు మార్చే సాగుకు ఆ ఖర్చు చిన్నది కాదు. నోటిఫికేషన్ ‘నేరుగా సంబంధం’ అంది. కోర్టు దాన్ని ‘అది లేకపోతే సాగు జరగదు’ అన్నంత కఠినంగా చదివింది. మాటలు ఆ చదువును అడ్డుకోలేదు గానీ, అదే సరైనదని బలవంతపెట్టనూ లేదు.

అయితే తూకం ఎక్కడ మొగ్గింది? ఆ వెంటనే వచ్చే వాక్యాల్లో జవాబుంది. పెళుసైన తీరాన్ని కాపాడడమే నోటిఫికేషన్ ఉద్దేశమని, ఆధునిక చెరువులు ఆ తీరాన్ని చెరుపుతాయని కోర్టు అంది. అంటే ఫోర్‌షోర్‌ను నిఘంటువు తేల్చింది. వాటర్ ఫ్రంట్‌ను ఉద్దేశం తేల్చింది. ఇందులో తప్పేమీ లేదనే నా అభిప్రాయం. తెలుగువాడైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి 1987లో పీర్‌లెస్ కేసులో చట్టపాఠమూ సందర్భమూ రెండూ పొసగేలా చెప్పిన అర్థమే మేలైనదన్నారు. కాకపోతే ఉద్దేశం ఎక్కువ బరువు మోసిన చోట ఆ సంగతి పైకి కనిపించాలి. తీర్పు భాష రెండు మాటలూ ఒకే తేలికతో తేలిపోయినట్టు ధ్వనిస్తుంది.

సంప్రదాయ, మెరుగుపరచిన సంప్రదాయ సాగును కోర్టు నిషేధం నుంచి తప్పించడం కూడా, వాటర్ ఫ్రంట్‌ను ఉద్దేశమే తేల్చిందన్న ఈ అనుమానాన్ని బలపరుస్తుంది. వాటికీ ఉప్పునీరే కావాలి. తేడా వాటర్ ఫ్రంట్‌లో లేదు, తీరానికి కలిగే హానిలో ఉంది. పులికాట్ సరస్సు, నేలపట్టు పక్షుల కేంద్రం చుట్టూ 1000 మీటర్ల లోపు చెరువులు ఉండకూడదన్న ఆదేశమైతే ఆ రెండు మాటల్లోంచి పుట్టినది కానే కాదు. (నేలపట్టు అప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేది, 2022 నుంచి తిరుపతి జిల్లాలో ఉంది.)

1997 మార్చి 31 లోగా సీఆర్‌జెడ్‌లోని చెరువులను తొలగించాలన్న ఆదేశం రివ్యూ పిటిషన్లతో ఆగింది. తర్వాత పార్లమెంటు వేరే దారి పట్టింది. కోర్టు చెప్పిన అర్థంతో వాదన పెట్టుకోకుండా, 2005 కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టంలోని సెక్షన్ 27 ద్వారా పాత నోటిఫికేషన్‌లోనే కొత్త వాక్యం చేర్చింది. అందులోని నిషేధాలు తీరప్రాంత ఆక్వాకల్చర్‌కు వర్తించవన్నది ఆ వాక్యం; అది 1991 ఫిబ్రవరి 19 నుంచే అక్కడ ఉన్నట్టు భావించాలి. కోర్టు చదివిన పాఠాన్నే వెనక్కి వెళ్లి మార్చారన్నమాట.

అదే చట్టంలోని సెక్షన్ 13(8) కొత్త చిక్కు తెచ్చింది. పోటు గీత నుంచి 200 మీటర్ల లోపు, సీఆర్‌జెడ్‌లోని క్రీకులు, నదులు, బ్యాక్‌వాటర్లలో సాగు చేయకూడదంది. అప్పటికే ఉన్న చెరువులను మినహాయించింది. ‘క్రీకులలో’ అంటే నీటిలోపలనా, ఒడ్డున కూడానా? కండలేరు రైతుకు ఈ విభక్తి ప్రత్యయం ఎకరాల లెక్క అయింది. ఒడ్డునూ కలిపి చదివితే కొత్త చెరువుకు చోటుండేది కాదు, నీటికే పరిమితం చేస్తే నిషేధానికి పెద్దగా పని ఉండేది కాదు. 2023లో ఈ చట్టానికి సవరణ తెచ్చినప్పుడు, ఉన్న మాటల్లోని అస్పష్టత వల్ల అపార్థానికి అవకాశం ఏర్పడిందని ప్రభుత్వమే కారణంగా చెప్పింది.