ఎగుమతి నిషేధం: బియ్యం

ఒక సరుకు దేశం దాటకుండా ప్రభుత్వం విధించే ఆంక్ష ఎగుమతి నిషేధం. స్వదేశంలో ధరలు దించడానికో, పరాయి దేశాన్ని దారికి తేవడానికో వేసే ఈ కట్టడి దెబ్బ చాలాసార్లు వేసిన దేశానికే తగులుతుంది.

దీనికి దగ్గరి సాక్ష్యం కాకినాడ రేవు. ఆఫ్రికా దేశాలకు వెళ్లే బియ్యం ఇక్కడ ఓడలెక్కుతుంది. ప్రపంచ బియ్యం వ్యాపారంలో సుమారు 40 శాతం భారతదేశానిదే. అలాంటిది, 2023 జూలై 20న కేంద్రం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని ఆపేసింది. అమెరికాలోని తెలుగువాళ్లు సోనామసూరి బస్తాల కోసం దుకాణాల ముందు బారులు తీరారు. థాయిలాండ్, వియత్నాం బియ్యం ధరలు పదిహేనేళ్ల గరిష్ఠానికి చేరాయి; భారత రైతుకు, మిల్లరుకు రావలసిన లాభం అక్కడివారికి దక్కింది. 2022లో దాదాపు 2.2 కోట్ల టన్నులున్న భారత ఎగుమతి మరుసటి ఏడాది సుమారు 1.8 కోట్లకు పడిపోయింది. ప్రభుత్వ గోదాముల్లో మాత్రం నిల్వలు అవసరానికి మించి పేరుకున్నాయి.

2024 సెప్టెంబరు 28న నిషేధం ఎత్తేశారు.

చెదిరిన బేరం తిరిగి కుదరడం తేలిక కాదు. 1973లో అమెరికా సోయాబీన్ ఎగుమతిని కొన్నాళ్లు ఆపగానే, కలవరపడిన జపాన్ బ్రెజిల్‌లో సోయా సాగుకు పెట్టుబడి పెట్టింది. నేడు సోయాబీన్ ఎగుమతిలో బ్రెజిల్‌దే ప్రపంచంలో మొదటి స్థానం.