కొల్లేటి సంపద – దాని సంరక్షణ

కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ నున్న పల్లపు నేలయే కొల్లేరు. భారతదేశమందలి పెద్ద మంచినీటి సరస్సులలో ఇది యొకటి. బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులు తెచ్చు నీటిని ఇది తనయందు నిలుపుకొని, ఉప్పుటేరు మార్గమున బంగాళాఖాతమునకు మెల్లగా విడుచును. వరద పొంగును తగ్గించు ఈ మహోపకారమునకు కూలి నడుగదు గనుక దాని విలువను లెక్కలో వ్రాసికొన్నవారు అరుదు.

పూర్వము లంక గ్రామముల వారి బ్రతుకు నీటి రాకపోకల ననుసరించి నడచెడిది. నీరు నిండినపుడు చేపలవేట, నీరు తీసినపుడు బయటపడిన నేలపై వరిసేద్యము, పశువులకు మేత. ఒక్క నేలయే వలకును నాగలికిని అన్నము పెట్టుచుండెను.

వరదలకు వరిపంట తరచుగా మునిగిపోవుటచే, 1970వ దశకమున ప్రభుత్వము సహకార సంఘముల ద్వారా చేపల చెరువులను ప్రోత్సహించెను. పేదల మేలుకొరకు ఆరంభమైన ఈ పని లాభము కనబడిన కొలది ధనవంతుల చేతులలోనికి పోయినది. మంచులో పెట్టిన చేపలు కలకత్తా వరకు ఎగుమతి యయ్యెను. కాని ఒకరి చేపలను కాచు గట్టు పదిమంది నీటిదారిని మూసివేసినది. వ్యాపారి ఖాతాలో లాభము పెరుగగా, ఊరుమ్మడి ఖాతాలో ముంపు నష్టము పెరిగినది.

1999లో ప్రభుత్వము సముద్రమట్టమునకు ఐదడుగుల ఎత్తు వరకుగల సుమారు 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతమును అభయారణ్యముగా ప్రకటించెను. 2002లో కొల్లేరు అంతర్జాతీయ ప్రాముఖ్యముగల రాంసార్ చిత్తడినేలల జాబితాలో చేరెను. 2006లో సుప్రీంకోర్టు ఆదేశముల మేరకు చెరువుగట్లను పెద్ద యెత్తున తొలగించిరి. ఆటపాక వద్ద గూడబాతులు నేటికిని గూళ్లు కట్టుచున్నవి. అయినను కొన్నిచోట్ల గట్లు మరల లేచినవి. హద్దులోపల పట్టాభూములుగల చిన్న రైతుల మొరయు తీరలేదు. 2015లో హద్దును మూడడుగుల ఎత్తుకు కుదింపవలెనని రాష్ట్ర శాసనసభ తీర్మానించుటకు ఆ మొర యొక కారణము.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని పేటలను ముంచివేసెను. ఆ యేటి నీరు కడపట చేరవలసినది కొల్లేటికే. పల్లమున దారి మూసినచో మెరకవారికిని క్షేమము లేదు.

సరస్సును నిలుపుటకు మూడు పనులు అవసరము. నీటిదారులు తెరచియుంచవలెను. పట్టణముల మురుగును శుద్ధిచేసిన పిదపనే విడువవలెను. లంకవాసులకు న్యాయమైన జీవనాధారము చూపవలెను. ఈ మూడవది లేనిదే మొదటి రెండును నిలువజాలవు. ఆకలితో నున్నవాడు సరస్సునకు కావలి కాయలేడు. కడుపు నిండినవాడే దానిని తన బిడ్డల ఆస్తిగా భావించి కాపాడుకొనును.